పది వేల డాలర్ల సైకిలు, దాచిన కార్డు బిల్లు

డాలస్ దగ్గర ఉండే ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. మూడు పేజీలు దాటింది కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆయనకి 41 ఏళ్లు, బరువు 78 కిలోలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య కూడా ఉద్యోగం చేస్తున్నారు, తొమ్మిదేళ్ల పాప ఉంది. ఒళ్లు తగ్గించుకుందామని సైకిల్ ఎక్కి, మెల్లగా తారురోడ్డు వదిలేసి కంకరరోడ్ల మీద తొక్కే గ్రావెల్ సైక్లింగ్‌లో పడ్డారు. కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియాలో ఏటా జరిగే అన్‌బౌండ్ గ్రావెల్ రేసులో నిరుడు 100 మైళ్ల విభాగంలో దిగి, డెబ్బయ్యో మైలు దగ్గర ఆగిపోయారు. టైరు రెండుసార్లు కోసుకుపోయింది. రెండోసారికి దగ్గరున్న ట్యూబులు అయిపోయాయి, అప్పటికే కాళ్లు పట్టేశాయి. ఈసారి లాటరీలో ఏకంగా 200 మైళ్ల విభాగంలో చోటు దొరికింది.

ఉన్నది మూడేళ్ల కిందట 1,900 డాలర్లకు కొన్న అల్యూమినియం సైకిల్. అందులో 45 మిల్లీమీటర్ల టైరు దాకా పడుతుంది. "రోజూ రాత్రి గెలిచినవాళ్ల సైకిళ్ల వీడియోలు చూస్తాను. ఒకడు 50 మిల్లీమీటర్ల టైరు అంటాడు, ఇంకొకడు మౌంటెన్ బైక్ టైర్లే వేసేశాడు, మరొకడు ముందు ఫోర్కుకి సస్పెన్షన్ పెట్టాడు. నా సైకిల్ చూసుకుంటే సిగ్గేస్తోంది" అని రాశారు. వాళ్ల సైక్లింగ్ గ్రూపులో అందరూ అన్నా అని పిలిచే పెద్దాయన "ఈ డబ్బాతో 200 మైళ్లా? నడిచి రావాల్సిందే తమ్ముడూ" అన్నారట. ఇప్పుడు 9,800 డాలర్ల కార్బన్ సైకిల్ ఒకటి ఆన్‌లైన్ కార్టులో కూర్చుని ఉంది.

ఇక అసలు టెన్షన్. నిరుడు రేసు అయ్యాక 1,400 డాలర్ల కార్బన్ చక్రాలు, తొక్కే బలాన్ని కొలిచే 600 డాలర్ల పవర్ మీటర్ ఇంట్లో చెప్పకుండా వేరే క్రెడిట్ కార్డు మీద కొన్నారు. ఆ బిల్లు ఇంకా తీరలేదు. కొత్త సైకిల్‌ని "సెకండ్ హ్యాండ్‌లో మూడు వేలకి దొరికింది" అని చెప్పేద్దామనుకుంటుండగా భార్య ఆ కార్టు చూశారు. ఇంటి డౌన్‌పేమెంట్ కోసం ఇద్దరూ కూడబెడుతున్నారు, పైగా ఆయన కంపెనీలో లేఆఫ్‌ల మాట నడుస్తోంది. వారం రోజులుగా ఇంట్లో మాటల్లేవు. "కొనమంటారా, వద్దంటారా? కొంటే తనకి ఎలా చెప్పాలి? కొనకపోతే రేసు మానుకోవాలా? ఏరో బార్లు పెట్టించుకోమంటున్నారు, పెట్టించుకోనా? కాన్సాస్ సిటీలో ఉండే మా బావమరిది సాయానికి వస్తానంటున్నాడు, అతనితో ఏం పని?" ఇవీ ప్రశ్నలు.

మీ ఉత్తరం చదువుతుంటే నా కన్ను ఒక చిన్న మాట దగ్గర ఆగింది. నిరుడు రేసు గురించి రాస్తూ "42 టైర్లు, లోపల ట్యూబులు, గట్టిగా 45 పీఎస్ఐ కొట్టించాను" అన్నారు. పీఎస్ఐ అంటే టైరులో గాలి ఒత్తిడి కొలత. మీరు దాన్ని దాటిపోయి సైకిల్‌ని తిట్టడం మొదలుపెట్టారు. నన్నడిగితే మీ రేసు ఆ ఒక్క వాక్యంలోనే పోయింది.

ఎంపోరియా చుట్టూ ఉన్న ఫ్లింట్ హిల్స్ పేరుకు తగ్గట్టే చెకుముకి రాళ్ల నేల. ఆ రాయి పగిలితే అంచు కత్తిలా ఉంటుంది. టైరుని రాయిలా బిగించి తొక్కితే ఆ అంచు మీద టైరు వంగదు, కోసుకుపోతుంది. అలాగని మరీ మెత్తగా ఉంచితే రిమ్ము వచ్చి రాయికి కొట్టుకుని, మధ్యలో టైరు పక్కభాగం నలిగి చిల్లు పడుతుంది. ఈ రెంటికీ మధ్య గాలి ఉండాలి. మీ బరువుకి, 45 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరులో సుమారు 30 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, మీకు దగ్గర్లోని కంకరరోడ్డు మీద ఒకటి రెండు తగ్గిస్తూ, పెంచుతూ చూసుకోండి. ట్యూబులు మాత్రం ఇక వద్దు, సంచిలో అత్యవసరానికి ఒకటి రెండు పెట్టుకోవడం తప్ప. ట్యూబ్‌లెస్‌లో చిన్న చిల్లుని లోపలి సీలెంట్ ద్రవమే మూసేస్తుంది. కాస్త పెద్దదైతే రబ్బరు ప్లగ్గు గుచ్చి, గాలి కొట్టి వెళ్లిపోవచ్చు. టైరు పక్కభాగం బాగా చీలితేనే విప్పి, లోపల పట్టీ ఏదైనా పెట్టి ట్యూబు ఎక్కించాలి. పట్టీ లేకపోతే మడిచిన డాలరు నోటు పెట్టినా పనిచేస్తుందని పాత రైడర్లందరికీ తెలుసు. పది వేల డాలర్లు పెట్టేముందు ఆ ఒక్క డాలరు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మీ అన్నగారి మాటకు వద్దాం. ఆయన పూర్తిగా తప్పేమీ కాదు. టైర్లు వెడల్పవుతున్న మాట నిజం. కొన్నేళ్ల కిందట ఇదే రేసులో 38, 40 మిల్లీమీటర్ల టైర్లే మామూలు. ఆ తర్వాత 45కి, 50కి వెళ్లారు. ఈమధ్య డిలన్ జాన్సన్ లాంటి రైడర్లు 2.2 అంగుళాల మౌంటెన్ బైక్ టైర్లు, అంటే దాదాపు 56 మిల్లీమీటర్లవి, గ్రావెల్ రేసుల్లో వేసి మిగతావాళ్లని కూడా ఆలోచనలో పడేశారు. దీనికి కారణం ఫ్యాషన్ కాదు. నున్నటి రోడ్డు మీద గట్టి, సన్న టైరు బాగానే దొర్లుతుంది. గతుకుల మీద మాత్రం అదే టైరు ప్రతి రాయికీ సైకిల్‌నీ మనిషినీ కలిపి పైకి ఎగరేస్తుంది, ముందుకు పోవాల్సిన శక్తి ఒళ్లు కుదపడానికి ఖర్చవుతుంది. వెడల్పు టైరు తక్కువ గాలితో ఆ రాయిని తనలో ఇముడ్చుకుని సాగిపోతుంది, చిల్లులు కూడా తక్కువ. ఇంతవరకూ ఆయనతో నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, మీరిద్దరూ ప్రో రైడర్ల సైకిల్‌ని ఒక వస్తువుగా చూస్తున్నారు. అది ఒక్క రోజుకి, ఒక్క దారికి చేసుకున్న ఏర్పాటు. 2022లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ తొలి గ్రావెల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఇటలీలోని వెనెటోలో జరిగింది. చదునైన, నున్నటి దారులు. చాలామంది రోడ్డు రేసు సైకిల్‌కి కాస్త దగ్గరగా ఉండే ఏర్పాటుతో, సన్నపాటి టైర్లతో దిగారు. రోడ్డు రేసర్ జియాని వెర్మీర్ష్ గెలిచారు. ఆ టైర్లతో ఫ్లింట్ హిల్స్‌కి వస్తే మధ్యాహ్నంలోపే ప్లగ్గులు అయిపోయేవి. అటు కొలరాడోలో లెడ్‌విల్ 100 మౌంటెన్ బైక్ రేసు. 2024లో కీగన్ స్వెన్సన్ మౌంటెన్ బైక్‌కి రోడ్డు సైకిల్ మాదిరి వంపు హ్యాండిల్‌బార్ బిగించుకొచ్చి గెలిచారు. అక్కడ ఎక్కువ భాగం వెడల్పాటి మట్టిరోడ్లే కాబట్టి గాలిని చీల్చుకుంటూ వంగి తొక్కడం ఆయనకి లాభించింది. ఆ ఫోటో చూసి అలాంటి హ్యాండిల్ పెట్టించుకుని, రాళ్ల దిగుడులో పళ్లు రాలగొట్టుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు.

ఎంపోరియాలో కూడా ఏ ఏడాది లెక్క ఆ ఏడాదిదే. 2023లో రాత్రి కురిసిన వానకి, రేసు మొదలైన పది పదకొండు మైళ్లకే దారి జిగట బురదైపోయింది. ఆ మట్టి టైరుకి, ఫ్రేముకి మధ్య పేరుకుపోతే చక్రం తిరగదు. బలవంతంగా తొక్కితే వెనక గేరు మార్చే డిరేలర్ విరిగి చేతికొస్తుంది. ఎందరికో అలాగే జరిగింది, కొందరి రేసు అక్కడే ముగిసింది. మిగతావాళ్లు సైకిళ్లు భుజాన వేసుకుని నడిచారు. ఆ రోజు ఆస్తి కింద లెక్క వచ్చింది ఏమిటో తెలుసా? హార్డ్‌వేర్ షాపులో పెయింటు కలపడానికి ఇచ్చే చెక్కపుల్ల. దాంతో మట్టి గీకి చక్రం వదిలించుకున్నవాళ్లు ముందుకు పోయారు. ఫ్రేములో పట్టేంత లావు టైరు నిండుగా కూరితే బురదలో ముందు ఇరుక్కునేది అదే. కాబట్టి ఎంత లావైతే అంత మంచిదన్న మాట కూడా వానపడే వరకే.

మీరు వీడియోల్లో చూస్తున్నవాళ్ల రేసు, మీ రేసు ఒకే దారిలో జరుగుతాయి గానీ రెండూ వేరు. 2025లో మగవాళ్ల రేసు గెలిచిన కామెరాన్ జోన్స్ ఆ 200 మైళ్లని 8 గంటల 37 నిమిషాల్లో ముగించారు. అంటే గంటకి 37 కిలోమీటర్ల పైన. ఆ వేగంలో పెద్ద శత్రువు గాలి. అందుకే సన్న హ్యాండిల్‌బార్లు, వంగి కూర్చోవడం, ఒంటికి అతుక్కునే బట్టలు, వీపు మీద నీళ్ల సంచి. దారిలో తిండి, నీళ్లు అందుకునే కేంద్రాల్లో ఆగే సెకన్లు కూడా మిగలాలని నీళ్లు వీపునే మోస్తారు. మీకు బాగా కలిసొచ్చినా పదిహేను, పదహారు గంటలు పడుతుంది. చీకట్లో తొక్కుతారు. సగం దారి ఒంటరిగా తొక్కుతారు. మీ శత్రువులు మెడనొప్పి, అరచేతుల తిమ్మిరి, కడుపులో తిప్పడం, నిద్రమత్తు. సైకిల్ వీటికి సరిపోవాలి.

ఇంకోటి గమనించండి. 2024లో ఆడవాళ్ల రేసులో పదిన్నర గంటల దగ్గర తొక్కాక తొమ్మిది మంది ఒకే గుంపుగా ఊళ్లోకి వచ్చి, చివరి పరుగులో తేల్చుకున్నారు. రోజా క్లోజర్ గెలిచారు. ఆ ఏడు మగవాళ్లలోనూ లాక్లన్ మోర్టన్, చాడ్ హాగా ఇద్దరూ కలిసి వచ్చి చివర్లోనే విడిపోయారు. ఆ తొమ్మిది మందీ ఒకే కంపెనీ సైకిల్ మీద రాలేదు, ఒకే టైరు వేయలేదు. పది గంటల తర్వాత కూడా ఆ తేడాలు వాళ్లని విడదీయలేకపోయాయి. వీడియోలో అరగంట చర్చించే తేడా అసలు ఎంతటిదో దీన్నిబట్టి లెక్కేసుకోవచ్చు.

పైగా వాళ్లు ఎంచుకున్నది ఏది, వాళ్ల చేతికిచ్చింది ఏది అన్నది వీడియోలో తెలియదు. గ్రావెల్‌లో చాలామంది పెద్ద టీముల్లో లేరు. స్పాన్సర్లని సొంతంగా వెతుక్కుని బతికేవాళ్లే. ఫ్రేము ఒకరిస్తారు, గేర్లు ఒకరిస్తారు. ఇచ్చినవాళ్ల వస్తువే వాడాలి, కెమెరా ముందు పొగడాలి. నిజంగా ఇంకో కంపెనీ టైరే మేలనిపిస్తే దాని పేరు మీద నల్ల మార్కర్ పూసి వేసుకుంటారు. సరదాగా చెబుతున్నాను గానీ, ఆ పూసిన టైరే వాళ్ల అసలు అభిప్రాయం. రేసుకి ముందు కొత్త టైర్లు, కొత్త చైను ఉంటాయి, ఒకటి విరిగితే ఇంకోటి వస్తుంది. మీ సైకిల్ మాత్రం రేసు మర్నాడు కూడా మీ గ్యారేజీలోనే ఉంటుంది, దాని బిల్లూ ఉంటుంది.

ఇక మీ సైకిల్‌లో ఏం మార్చుకోవచ్చో చెబుతాను. మొదటిది గేర్లు. ప్రోలు ముందు, అంటే పెడళ్ల దగ్గర, 48, 50 పళ్ల చైన్‌రింగులు వేస్తారు, వాళ్ల వేగానికి అది కావాలి. ఫ్లింట్ హిల్స్‌లో పెద్ద కొండలేమీ లేవు, పొట్టి పొట్టి ఎత్తులే. కానీ రోజంతా కలిపితే మూడు వేల మీటర్ల పైన ఎక్కుతారు. మీకు ముందు 40 పళ్లు, వెనక 42 దాకా ఉందన్నారు. ముందుది 38 చేసుకుంటే పన్నెండో గంటలో మీ మోకాళ్లకి హాయి. ఖర్చు కూడా తక్కువే. వైర్‌లెస్ గేర్లు బాగుంటాయి, కాదనను. కానీ మీ కేబుల్ గేర్లు సరిచేయించుకుని కొత్త కేబుల్ వేయిస్తే ఆ రోజు మిమ్మల్ని మోసం చేసే కారణమేదీ లేదు. చైనుకి మైనం పట్టించడం నేర్చుకోండి. నూనెకి దుమ్ము అంటినట్టు దానికి అంటదు. రేసువాళ్ల అలవాట్లలో చవగ్గా మనకి దొరికేది ఇదొక్కటి.

సస్పెన్షన్ ఫోర్కు గురించి కూడా రాశారు. గ్రావెల్ ఫోర్కులు 30, 40 మిల్లీమీటర్లు కదులుతాయి, చేతులకి నిజంగానే సుఖం. బరువు పెరుగుతుంది, ధర గట్టిగానే ఉంటుంది, పైగా మీ ఫ్రేము దానికి తగ్గ కొలతలతో చేసింది కాకపోతే ముందుభాగం లేచి సైకిల్ నడత మారిపోతుంది. మీకైతే వద్దంటాను. ఆ డబ్బులో చిన్న భాగంతో మంచి బైక్ ఫిట్టింగ్, అంటే సీటు, హ్యాండిల్ మీ ఒంటి కొలతలకి సర్దించడం, చేయించుకోండి, హ్యాండిల్‌కి మందపాటి టేపు చుట్టించండి.

ఏరో బార్లు, అంటే మోచేతులు ఆన్చి వంగి తొక్కే కడ్డీలు, అన్‌బౌండ్‌లో ప్రోలు దిగే ఎలీట్ విభాగాల్లో 2023 నుంచి నిషేధం. గుంపులో తొక్కేటప్పుడు చేతులు బ్రేకులకి దూరంగా ఉండటమే కారణం. మీ విభాగంలో ఈ ఏటి నిబంధన చదువుకోండి. అనుమతి ఉన్నా, వాటి మీద కంకరలో తొక్కడం ముందే సాధన చేసి ఉండాలి, చుట్టూ మనుషులున్నప్పుడు వాటి జోలికి పోకూడదు. చేతులకి విశ్రాంతి దొరుకుతుందన్నది నిజమే. అయితే ఈ ఏటి పనుల జాబితాలో అది చివరిది.

కాళ్లు పట్టేయడానికి సైకిల్‌తో సంబంధం లేదు. డెబ్బై మైళ్లలో రెండు ఎనర్జీ జెల్లులు, ఒక అరటిపండు తిన్నానన్నారు. ప్రోలు గంటకి 90 గ్రాములకి పైగా పిండిపదార్థం తీసుకుంటారు, అదీ నెలల తరబడి కడుపుకి అలవాటు చేసుకుని. మీరు గంటకి 60 దగ్గర మొదలుపెట్టి వారాంతపు రైడ్లలో పెంచుకుంటూ వెళ్లండి. కాన్సాస్ ఎండకి ఉప్పు కూడా. పులిహోర కట్టుకెళ్తానన్నారు, చింతపండు పులుపు ఎనిమిదో గంటలో ఏం చేస్తుందో ఇంటి దగ్గర రైడులో ముందు తేల్చుకోండి.

ఇప్పుడు కొనడమా మానడమా. మీ ముందు నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఉన్న సైకిల్‌తోనే వెళ్లడం. మంచి గట్టి కేసింగ్ (రబ్బరు కింది పొర) ఉన్న 45 టైర్లు రెండు, సీలెంట్, ప్లగ్గులు, చైన్‌రింగ్, కేబుళ్లు, ఫిట్టింగ్ అన్నీ కలిపినా ఆరేడు వందల డాలర్లలో తేలిపోతుంది. మీరు దాచిపెట్టి కొన్న ఆ కార్బన్ చక్రాలున్నాయే, వాటి రిమ్ము లోపలి వెడల్పు 25 మిల్లీమీటర్లు అని రాశారు. వెడల్పు ట్యూబ్‌లెస్ టైరుకి చక్కగా సరిపోతాయి. ఈ దారిలో మీరు పోగొట్టుకునేది కాస్త సుఖం, మహా అయితే కొన్ని నిమిషాలు. వానొస్తే ఇబ్బంది ఉంది. 45 టైరుతో మీ ఫ్రేములో ఖాళీ తక్కువ, కాబట్టి 40 టైర్ల జత ఒకటి కారులో ఉంచుకోవాలి. గ్రూపులో ఎగతాళి కూడా భరించాలి. ఆ ఖర్చు మీకు చిన్నది కాదని ఉత్తరం చూస్తే తెలుస్తోంది.

రెండోది, 50 మిల్లీమీటర్లు పట్టే సైకిల్‌ని నిజంగానే సెకండ్ హ్యాండ్‌లో కొనడం. మొన్నటి తరం మంచి కార్బన్ ఫ్రేములు ఇప్పుడు సగం ధరకి దొరుకుతున్నాయి, ఎందుకంటే అందరూ మీలాగే ఇంకా వెడల్పు టైరు పట్టేదానికి పరిగెడుతున్నారు. మీ పాతది, చక్రాలు అమ్మితే చేతి నుంచి పడేది రెండు వేల దగ్గర ఉండొచ్చు. ఇబ్బందులు రెండు. కార్బన్‌లో పగులు కంటికి కనపడదు, తెలిసిన మెకానిక్‌కి చూపించకుండా కొనకూడదు. రెండోది, కొత్త సైకిల్ ఒంటికి అలవాటు కావడానికి కొన్ని వారాలు కావాలి. రేసుకి రెండు నెలలు లేకపోతే ఈ ఏడు ఈ దారి వదిలేయండి.

మూడోది, ఆ 9,800 డాలర్ల సైకిలే కొనడం. ఇది పాపమేమీ కాదు. ఇష్టమైన వస్తువు మీద డబ్బు పెట్టే హక్కు సంపాదించే మనిషికి ఉంది. నా అభ్యంతరం ధర మీద కాదు, వేళ మీద. కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారంటున్నారు, కార్డు మీద బాకీ ఉంది, డౌన్‌పేమెంట్ ఇద్దరి డబ్బు. ఈ మూడూ తేలాక, ఆవిడకి అసలు ధర చెప్పి కొంటే దాని మీద కూర్చున్నప్పుడల్లా ఆనందంగా ఉంటుంది. ఇప్పుడు కొంటే ప్రతి రైడులోనూ ఆ మూడూ మీతో పాటే వస్తాయి. ఇంకో చేదు నిజం: ఆ సైకిల్ మీద కూడా 45 పీఎస్ఐ కొట్టించి, రెండు జెల్లులతో బయల్దేరితే డెబ్బయ్యో మైలు దగ్గరే ఆగుతారు.

నేనైతే మొదటి దారి పడతాను. మీరు రెండోది ఎంచుకున్నా తప్పుపట్టను.

కానీ వీటిలో ఏది ఎంచుకున్నా, అంతకంటే ముందు చేయాల్సింది ఒకటుంది. ఆవిడ చూసింది కార్టు మాత్రమే. ఆ రెండు వేల కార్డు సంగతి ఆవిడకింకా తెలియదు. సైకిల్ గురించి ఎంత నచ్చజెప్పినా, అది తర్వాత బయటపడితే మీరు ఇప్పుడు చెప్పిన మాటలన్నీ అబద్ధం లెక్కలోకి పోతాయి. ఎలా బయటపడుతుందంటారా? ఇంటి లోనుకి వెళ్లినప్పుడు ఇద్దరి క్రెడిట్ రిపోర్టులూ బల్ల మీద పెడతారు. అప్పుడు లోన్ ఆఫీసర్ ముందు తెలియడం కంటే, ఇప్పుడు వంటింట్లో తెలియడం నయం.

చెప్పేటప్పుడు సైకిల్ మాట కలపొద్దు. "నిరుడు చక్రాలు, పవర్ మీటర్ కొన్నాను, రెండు వేలయింది, ఇంకా ఇంత బాకీ ఉంది, నీకు చెప్పలేదు" అని అక్కడితో ఆగండి. వాటివల్ల ఎంత లాభమో వివరించొద్దు, ప్రోల పేర్లు ఎత్తొద్దు, "నువ్వు కూడా బంగారం కొన్నావు కదా" అని అస్సలు అనొద్దు. కోపం వస్తుంది. రావాలి కూడా. ఆ కోపం తగ్గడానికి రెండు రోజులో వారమో పట్టనివ్వండి. పవర్ మీటర్ అమ్మేసి ఆ డబ్బు కార్డుకి కట్టేయడం ఒక మార్గం. ఈ రేసుకి అది లేకపోయినా పర్లేదు, గుండె వేగం చూసుకుంటూ తొక్కొచ్చు. లేదా నెలకింత అని మీ సొంత ఖర్చులోంచి తీర్చే లెక్క రాసి ఆవిడకి చూపించొచ్చు. చెప్పకుండానే గుట్టుగా తీర్చేసే మూడో పద్ధతి కూడా ఉంది. చాలామంది అదే చేస్తారు, కొందరికి గడిచిపోతుంది. మీకు గడవదని నా అనుమానం. కార్టు చూసిన కళ్లు ఇప్పుడు స్టేట్‌మెంట్లు కూడా చూస్తాయి.

ఇంకో మాట. ఉత్తరమంతా డబ్బు గురించే రాశారు. ఒకే ఒక్క చోట, దాదాపు బ్రాకెట్లో పెట్టినట్టు, "శనివారం నేను రైడ్‌కి వెళ్తే పాపని కూచిపూడి క్లాసుకి తనే దింపుతుంది, గ్రోసరీ తనే చూసుకుంటుంది" అని రాశారు. ఆవిడ గొడవ తొమ్మిది వేల ఎనిమిది వందల గురించేనని మీకంత నమ్మకమెలా వచ్చింది? 200 మైళ్లకి తయారవ్వాలంటే ఆరేడు గంటల రైడ్లు కావాలి. వచ్చే కొన్ని నెలల శనివారాలన్నీ పోయినట్టే. సైకిల్ డబ్బు ఇద్దరూ సంపాదించుకోగలరు. ఆ శనివారాలు మాత్రం ఆవిడ ఒక్కరే కడుతున్నారు, ఇప్పటిదాకా ఎవరూ బిల్లు కూడా చూపించలేదు. కొన్ని పొడవాటి రైడ్లని శుక్రవారం సెలవు పెట్టుకుని చేయండి. పాప బడికి, ఆవిడ పనికి వెళ్తారు, ఎవరి శనివారమూ పోదు. రెండు వారాలకోసారి శనివారం పూర్తిగా మీరు ఇల్లు చూసుకుని ఆవిడని వదిలేయండి. ఎక్కడికి వెళ్లారని అడగొద్దు. ఇదేదో సైకిల్‌కి లంచంలా పనిచేస్తుందని చూడకండి, ఆవిడ వెంటనే పట్టేస్తారు. ఇదంతా కుదరదనిపిస్తే ఈ ఏడు 200 వదిలేసుకోవడం కూడా ఒక దారే. నిరుడు మిగిలిన ఆ ముప్పై మైళ్లు వచ్చే ఏడాది 100 విభాగంలో పూర్తి చేయొచ్చు. లాటరీ మళ్లీ వస్తుందో రాదో అన్న బాధ ఉంటుంది, అది మాత్రం ఉంటుంది.

మీ గ్రూపు అన్నగారితో వాదనకి దిగకండి. వీలైతే ఆయన దగ్గర 50 టైర్ల చక్రాలుంటే వాటి మీద ఎంత గాలి పెడతారో, ప్లగ్గు ఎలా గుచ్చుతారో అడిగి నేర్చుకోండి. సలహా ఇచ్చేవాళ్లని చేత్తో చేసి చూపించమని అడిగితే చాలాసార్లు స్నేహితులవుతారు. లేదంటే తప్పుకుంటారు. రెండూ మీకు లాభమే.

చివరిగా మీ బావమరిది. మీరు అడిగిన వాటన్నిటిలో పెద్ద సాయం ఆయనే, మీరేమో ఆయన్ని ఆఖరి వరుసలో పెట్టారు. అన్‌బౌండ్‌లో సహాయకులు దారిలో ఎక్కడ పడితే అక్కడ ఆదుకోకూడదు. నిర్ణయించిన కేంద్రాల దగ్గరే సాయం చేయాలి. 200 మైళ్లలో ఒక కేంద్రానికీ ఇంకో కేంద్రానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. అక్కడ నిండిన సీసాలు, తిండి, తుడిచి మైనం పూసిన ఇంకో చైను, పొడి సాక్సులు, రాత్రికి లైటు, ఎక్కువ ప్లగ్గులు, సీలెంట్, ఒక పెయింటు పుల్ల ఉన్న డబ్బా పట్టుకుని ఆయన నిలబడితే చాలు. మీరు ఆగగానే ఏం చేయాలో ఒక కాగితం మీద వరుసగా రాసివ్వండి, ఎందుకంటే అప్పటికి మీకు మాట కూడా రాకపోవచ్చు. "మానేస్తాను" అని మీరంటే ఏం చేయాలో కూడా ముందే మాట్లాడుకోండి: కూర్చోబెట్టి తినిపించి పావుగంట ఆగమనాలా, లేక కారెక్కించాలా. వేడికి కళ్లు తిరిగితే మాత్రం ఆ పావుగంట కూడా వద్దు.

ఇప్పుడే ఫోన్ చేసి ఆ శని, ఆదివారాలు ఖాళీ పెట్టుకోమనండి. సీలెంట్ ఎండలో త్వరగా ఎండిపోతుంది, రేసు వారంలో ఒకసారి కొత్తది పోయించండి. ఎంపోరియా చిన్న ఊరు, రేసు వారాంతానికి హోటళ్లు చాలా ముందే నిండిపోతాయి. గది దొరక్కపోతే కాన్సాస్ సిటీ నుంచి తెల్లవారుజామున గంటన్నరకు పైగా డ్రైవింగ్ ఉంటుంది, పొద్దున్నే గన్ పేలుతుంది. సైకిల్ సంగతి తర్వాత, ముందు ఆ గది చూసుకోండి.